రెండు రుజువులూ సరిగ్గానే ఉండి ఒకదాన్నొకటి కొట్టేస్తుంటే: ముడి విప్పే పద్ధతి

లోకానికి మొదలుందని ఒక రుజువు. లేదని ఇంకో రుజువు. రెండూ పంక్తి పంక్తిగా చదివితే ఎక్కడా తప్పు దొరకదు. ఇలాంటి జంటని పాశ్చాత్య తత్వశాస్త్రంలో ఆంటినమీ అంటారు. గ్రీకులో నోమోస్ అంటే చట్టం. చట్టానికి ఎదురు నిలబడ్డ చట్టం అన్నమాట. మన తర్కంలో దీనికి దగ్గరి మాట సత్ప్రతిపక్షం: ఒక హేతువు దేన్ని సాధిస్తోందో, అది లేదని సాధించే ఇంకో హేతువు ఎదురుగా ఉండటం. తర్కానికి తొలి పాఠ్యపుస్తకంలాంటి తర్కసంగ్రహంలో అన్నంభట్టు చూపించిన జంట ఇది. శబ్దం నిత్యం, ఎందుకంటే అది వినబడేది, శబ్దత్వంలాగా (శబ్దాలన్నిటిలోనూ ఉండే జాతి). శబ్దం అనిత్యం, ఎందుకంటే అది పుట్టేది, కుండలాగా.

ఇలాంటి ముడి చేతికొచ్చినప్పుడు చాలామంది చేసే పని, తమకు నచ్చిన ఫలితం వైపు మొగ్గి రెండో రుజువులో లోపం వెతకడం. లోపం దొరకనూ వచ్చు, కానీ ముడి మాత్రం అలాగే ఉంటుంది. వెతకాల్సింది ఇద్దరూ నోరెత్తకుండా ఒప్పేసుకున్న పంక్తిని. కింది పద్ధతంతా దాన్ని పట్టుకోవడానికే.

కావలసినవి

నిలువుగా మధ్యకి మడిచిన పెద్ద కాగితం ఒకటి. పెన్సిలు, రబ్బరు. కొట్టివేతలు చాలా ఉంటాయి కాబట్టి పెన్ను వద్దు. గంట చొప్పున రెండు విడతల సమయం, మధ్యలో ఒక రాత్రి. రాసిన రోజునే మన రుజువులో కంతలు మనకు కనబడవు. 1781లో 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' అచ్చయినప్పుడు దాన్ని రాసిన జర్మన్ తత్వవేత్త కాంట్ ఎడమ పేజీలో ఒక పక్షం, కుడి పేజీలో ఎదుటి పక్షం వచ్చేలా వేయించాడు. మడత కాగితం అదే పని చేస్తుంది: ఎదురెదురుగా ఉంటే తప్ప రెండు పక్కలా దాక్కున్న ఒకే మాట కంటికి ఆనదు.

1. ముందు ఇది నిజంగా ముడేనా చూడండి

గుద్దుకున్నట్టు కనబడే నియమాల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గరే విడిపోతాయి. ఒకే మాటని రెండు పక్కలా రెండు అర్థాల్లో వాడారేమో చూడండి. వాడితే మాట మార్చి రాయండి, పనైపోతుంది.

తర్వాత, ఒకటి సామాన్య నియమం, ఇంకొకటి విశేష నియమం అవునా అని చూడండి. మన శాస్త్రాల్లో ఇది ఉత్సర్గం, అపవాదం. "ఏ ప్రాణినీ హింసించకూడదు" అన్నది ఉత్సర్గం. "అగ్నీషోమీయ పశువును ఆలంభించాలి", అంటే యాగంలో బలివ్వాలి, అన్నది అపవాదం. అపవాదం తన హద్దులో తాను నెగ్గుతుంది, మిగతా చోటంతా ఉత్సర్గానిదే అని మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థం నిర్ణయించే శాస్త్రం వాళ్లు, తేల్చారు. అబద్ధం ఎప్పుడాడవచ్చో బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన మినహాయింపుల జాబితా కూడా ఈ కోవదే. జాబితా చేతికిచ్చినంత మాత్రాన బలి ఒప్పుకోలేదన్నది వేరే సంగతి. మినహాయింపు ఉందని చూపించడం ఒక పని. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న.

మూడోది తుల్యబలం: రెండు నియమాలకీ వేరే చోట్ల వేరే పని ఉండి, ఒక్క చోట మాత్రం రెండూ వచ్చి పడటం. రామాయ రామాభ్యాం రామేభ్యః అని వల్లె వేసినవాళ్ల నోట్లో ఈ గుద్దులాట రోజూ జరిగింది. అష్టాధ్యాయి 7.3.102 ప్రకారం 'రామ' చివరి అకారం దీర్ఘం కావాలి, అందుకే రామాభ్యాం. 7.3.103 ప్రకారం బహువచనంలో అదే అకారం ఏకారం కావాలి. 'రామ + భ్యస్' దగ్గర రెండూ ఒకే అచ్చు మీద పడతాయి. 1.4.2లో పాణిని తీర్పు ముందే రాసిపెట్టాడు: విప్రతిషేధే పరం కార్యమ్. పరంగా ఉన్నదే జరుగుతుంది, కాబట్టి రామేభ్యః. ('పరం' అంటే గ్రంథంలో తర్వాత వచ్చే సూత్రమా, పదంలో కుడి పక్కన పనిచేసే సూత్రమా అన్న చర్చ 2022లో కేంబ్రిడ్జి పరిశోధన ఒకటి వార్తల్లోకి వచ్చాక మళ్లీ వేడెక్కింది. మన పనికి ఏదైనా ఒకటే.)

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. వ్యాకరణం, యజ్ఞవిధి, కోర్టు చట్టం లాంటివాటిలో "గుద్దుకుంటే ఇది నెగ్గుతుంది" అని ఇంకో నియమం పెట్టుకోవచ్చు. అతిరాత్ర యాగంలో షోడశి అనే సోమపాత్ర తీసుకోవాలని ఒక వాక్యం, తీసుకోకూడదని ఇంకో వాక్యం ఉంటే మీమాంసకులు 'వికల్పం' అన్నారు: ఏదైనా ఒకటి చేయండి. అదీ మనసొప్పి కాదు. వికల్పానికి ఎనిమిది దోషాలు లెక్కగట్టి, వేరే దారి ఏదీ లేనప్పుడే దాన్ని ముట్టుకోమన్నారు. లోకానికి మొదలుందా అన్నది చేయాల్సిన పని గురించిన ప్రశ్న కాదు, ఉన్న స్థితి గురించిన ప్రశ్న. దానికి వికల్పం లేదు; సోమవారం మొదలుందని, మంగళవారం లేదని అనలేం. మీ జంట ఈ రెండో రకమైతేనే కింది మెట్లు ఎక్కండి.

2. రెండు పక్షాల్నీ ఒక్కొక్క వాక్యంలో రాయండి. 'కాదు', 'లేదు' దగ్గర ఆగండి

ఎడమ పక్కన "లోకానికి కాలంలో మొదలుంది" అని రాయండి. కుడి పక్కన దాని నిషేధం. తొందరపడితే తప్పు దొర్లేది ఇక్కడే. నిషేధాన్ని రెండు రకాలుగా రాయవచ్చు:

(అ) లోకానికి మొదలుందన్నది నిజం కాదు.
(ఆ) లోకం మొదలు లేనిది, అనాది.

చూడటానికి ఒకటేలా ఉన్నాయి. (అ) ఒక మాటని తుడిచేస్తుంది, బదులుగా ఏమీ పెట్టదు. (ఆ) తుడిచిన చోట ఇంకో గుణం అతికిస్తుంది: అనాదిత్వం. సంస్కృతంలో మొదటి రకాన్ని ప్రసజ్య ప్రతిషేధమనీ, రెండోదాన్ని పర్యుదాసమనీ అంటారు. కచ్చితమైన వైరుధ్యం (అ)తోనే వస్తుంది. (ఆ)తో వచ్చేది ఎదురుబొదురు నిలబడ్డ రెండు గుణాలు మాత్రమే, రెండూ తప్పిపోయే అవకాశం ఇంకా ఉంది. మీ కుడిపక్క వాక్యం (ఆ) రకానిదైతే దాని పక్కన చిన్న చుక్క పెట్టండి. నాలుగో మెట్టులో దాని అవసరం పడుతుంది.

3. ఒక్కో రుజువు 5 నుంచి 7 పంక్తుల్లో

పంక్తికి ఒకే ఒక్క వాదన. నాలుగు కన్నా తక్కువ పంక్తులొస్తే ఏదో మింగేశారని అర్థం. పదికి పోతే వివరణలు రాసేస్తున్నారు, రుజువు కాదు. కాంట్ మొదటి ఆంటినమీ ఇలా దిగుతుంది.

ఎడమ:
1. మొదలు లేదనుకుందాం.
2. అయితే ఈ క్షణానికి ముందు అనంతమైన వరస గడిచిపోయింది.
3. అనంత వరస అంటే ఒక్కొక్కటిగా దాటుతూ ఎన్నటికీ పూర్తి చేయలేనిది.
4. కానీ ఈ క్షణం వచ్చేసింది. అంటే ఆ వరస పూర్తయింది.
5. పొసగదు. కాబట్టి మొదలుంది.

కుడి:
1. మొదలుందనుకుందాం.
2. మొదలు అంటే అంతకుముందు అది లేని కాలం ఉండటం. లోకానికి ముందు ఉత్త ఖాళీ కాలం.
3. ఖాళీ కాలంలో ఒక క్షణానికీ ఇంకో క్షణానికీ తేడా చూపేది ఏదీ లేదు.
4. తేడా లేనప్పుడు ఫలానా క్షణంలోనే లోకం పుట్టడానికి ఆధారం లేదు.
5. ఖాళీ కాలంలో ఏదీ మొదలవదు. కాబట్టి మొదలు లేదు.

కాగితం పక్కన పెట్టి పడుకోండి. మర్నాడు ఒక్కో పంక్తి ముందు "దీన్ని ఎవరు కాదంటారు?" అని అడగండి. ఎడమ పక్క 4ని కాదనేవాళ్లున్నారు. 'పూర్తయింది' అనాలంటే ఎక్కడో బయల్దేరి ఉండాలి కదా. మొదలే లేని వరసలో బయల్దేరిన చోటే లేదు. గతంలో ఏ క్షణాన్ని వేలు పెట్టి చూపించినా అక్కణ్ణుంచి ఇక్కడికి లెక్కకందే దూరమే ఉంటుంది. అంటే ఆ పంక్తి, తాను సాధించాల్సిన 'మొదలు'ని ముందే జేబులో పెట్టుకొచ్చింది. కుడి పక్క 2ని కాదనేవాళ్లూ ఉన్నారు: లోకం కాలంలో కాదు, కాలంతో పాటే పుట్టిందని కాంట్ కన్నా చాలా ముందే సెయింట్ అగస్టీన్ అన్నాడు.

నా అంచనా మొహమాటం లేకుండా చెప్పాలంటే, కాంట్ రాసిన ఈ రెండు రుజువులూ ఆయన అనుకున్నంత గట్టివి కావు. కానీ ముడి ఎక్కడ పుట్టిందో ఆయన చేసిన రోగనిర్ణయం (ఐదో మెట్టులో వస్తుంది) గట్టిది. రుజువులు సడలినా అది నిలుస్తుంది. అందుకే ఈ జంట నేర్చుకోవడానికి మంచిది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి: "బిగ్ బ్యాంగ్ జరిగింది కదా, ఎడమ పక్షం నెగ్గింది" అని కాగితం మడిచేయడం. భౌతికశాస్త్రం చెప్పే సుమారు 1380 కోట్ల ఏళ్లు వేడిగా, కిక్కిరిసి ఉన్న స్థితి నుంచి విశ్వం విస్తరిస్తూ వస్తున్న కాలం. ఆ స్థితే సమస్తానికీ మొదలా అన్నది ఆ అంకెతో తేలదు. బయటి నుంచి తెచ్చిన సమాచారం ఏ పంక్తిని కొట్టేస్తుందో వేలు పెట్టి చూపించగలిగితేనే కాగితం మీదికి రానివ్వండి.

4. రుజువు ఏ రకమో గుర్తు పెట్టండి

పై రెండు రుజువుల్లోనూ మొదటి పంక్తి చూడండి. రెండూ ఎదుటివాడి మాట "అనుకుందాం" అంటూ మొదలై, అది పొసగదని తేల్చి, "కాబట్టి నాది నిజం" అని ముగుస్తాయి. ఇలాంటి రుజువు ఎప్పుడు చెల్లుతుంది? ఉన్నవి రెండే దారులైనప్పుడు. రెండే దారులున్నాయా అన్నది మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. అలాంటి ప్రతి రుజువు చివరి పంక్తి పక్కనా ఒక ప్రశ్నార్థకం పెట్టండి. నేరుగా సాధించిన రుజువైతే పెట్టక్కర్లేదు.

మూడో దారి ఎలా ఉంటుందో కాంట్ చెప్పిన పోలిక బాగుంటుంది. ప్రతి వస్తువుకూ మంచి వాసన ఉంటుంది, లేదా మంచిది కాని వాసన ఉంటుంది అన్నామనుకోండి. గులకరాయిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసనే లేదు. రెండు వాక్యాలూ తప్పే.

అన్నంభట్టు ఇంకాస్త ముందుకెళ్లి వస్తువునే తీసేశాడు: గగనారవిందం సురభి, అరవిందత్వాత్, సరోజారవిందవత్. ఆకాశంలో పూసిన తామర పరిమళిస్తుంది, ఎందుకంటే అది తామర, చెరువులో తామరలాగా. వ్యాప్తిలో (తామర అయితే పరిమళిస్తుందన్న నియమంలో) తప్పు లేదు, ఉదాహరణలో తప్పు లేదు. ఆకాశంలో తామర లేదు, అంతే. దీనికి ఆశ్రయాసిద్ధి అని పేరు: గుణం నిలబడటానికి ఆశ్రయమే లేకపోవడం. "ఆకాశకమలం వాసన వేయదు" అని ఎవరైనా పోటీగా ఇంకో రుజువు తెస్తే దాని గతీ ఇంతే. కాంట్ 1783లో ఇదే మాటకి చతురస్రపు వృత్తాన్ని ఉదాహరణగా తెచ్చాడు: అది గుండ్రంగా ఉంటుందన్నా తప్పే, ఉండదన్నా తప్పే. కొనిగ్స్‌బర్గ్‌లో కూర్చున్న కాంట్‌కి తర్కసంగ్రహం తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ వాసన దగ్గరికే వచ్చి ఆగడం మాత్రం ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు రెండో మెట్టులో పెట్టిన చుక్కని చూడండి. చుక్కా ప్రశ్నార్థకాలూ రెండూ ఉన్న జంటలో ఆశ్రయాన్ని అనుమానించడమే తర్వాతి పని.

5. రెండు పక్కలా దాగిన పంక్తిని వెతకండి

అసలు పని ఇదే, ఎక్కువ సమయం పట్టేదీ ఇదే. ఆ పంక్తి కాగితం మీద ఉండదు. నామవాచకాల్లో దాక్కుని ఉంటుంది. 'మొత్తం', 'అన్నీ', 'ప్రతి', 'సమస్తం', 'లోకం', 'వరస' లాంటి మాటలు ఎక్కడున్నా చుట్టూ సున్నా చుట్టండి. ఒక్కో సున్నా దగ్గర అడగండి: ఇది ఒక వస్తువుగా ఎదుట ఉందని ఎవరు చెప్పారు? ఇది తీసేస్తే రెండు రుజువులూ ఆగిపోతాయా? ఒక్కటే ఆగితే అది ఆ పక్షం సొంత గొడవ. రెండూ ఆగితే దొరికినట్టే.

మన కాగితం మీద సున్నా పడేది ఎడమ 2లో 'వరస' దగ్గర, కుడి 2లో 'లోకం' దగ్గర. వాటి వెనక ఉన్న పంక్తిని కాంట్ ఇలా బయటికి లాగాడు: ఒకదానికి షరతు ఉంటే, ఆ షరతుకి షరతు, దానికి ఇంకోటి, ఇలా షరతుల వరస మొత్తం కూడా అప్పటికే ఇచ్చి ఉంటుంది.

నిజమేగా అనిపిస్తుంది. కాస్త దగ్గర్నుంచి చూడండి. మీ వంశవృక్షం గీస్తున్నారు. నాన్న, తాత, ముత్తాత. ఆ పైన ఎవరని అడిగే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. "ఇక్కడితో చాలు, ఆయనకి తండ్రి లేడు" అనే అధికారం ఎవరికీ లేదు. కానీ ప్రతిసారీ పైమెట్టు వెతుక్కోవాలన్నది ఒక సంగతి. పేర్లన్నీ రాసిన పొడుగాటి కాగితపు చుట్ట ఎక్కడో సిద్ధంగా ఉంది, దానికి చివర ఉందా లేదా అన్నదే ప్రశ్న అనుకోవడం వేరే సంగతి. మొదటిది మనకు అప్పజెప్పిన పని. రెండోది మన చేతికి ఇచ్చిన వస్తువు. అప్పజెప్పినదాన్ని ఇచ్చినదిగా పొరబడటమే ఈ ముడి పుట్టుక అన్నది కాంట్ రోగనిర్ణయం. వరస మొత్తంగా ఎక్కడా ఇవ్వబడకపోతే దాని పొడవు అంతమున్నదీ కాదు, అనంతమైనదీ కాదు. అక్షరాలా ఆకాశకమలం.

బుద్ధుడు లోకం శాశ్వతమా కాదా అన్న ప్రశ్నలకు జవాబివ్వకుండా పక్కన పెట్టాడన్నది అందరికీ తెలిసిందే. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడితో సంభాషణలో ఆయన వేసిన ఎదురుప్రశ్న ఈ మెట్టుకి బాగా పనికొస్తుంది: ఆరిపోయిన మంట తూర్పుకి పోయిందా, పడమరకా, ఉత్తరానికా, దక్షిణానికా? నాలుగింటిలో ఏది చెప్పినా తప్పే, ఎందుకంటే 'పోయింది' అన్న మాటలోనే వెళ్లే వస్తువు ఒకటుందన్న ఒప్పుకోలు ఉంది.

6. బయటికి ఏ తలుపులోంచి రావాలో ఎంచుకోండి

తలుపులు మూడే. ఏదో ఒకటి నచ్చింది కదా అని తోయకండి, కాగితం మీది గుర్తులు ఏది చెబితే అది.

ఆశ్రయం లేదని తేలితే రెండూ తప్పు. ఇది పైన అయిపోయింది.

రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులని తేలితే రెండూ నిజం కావచ్చు. కాంట్ మూడో ఆంటినమీ ఇలాంటిది: జరిగేదంతా ప్రకృతి నియమాల ప్రకారమే జరుగుతుందని ఒకరు, స్వేచ్ఛ అనే ఇంకో రకం కారణం కూడా ఉందని ఇంకొకరు. ఆయన ఉదాహరణ ఒక దురుద్దేశపు అబద్ధం. ఆడినవాడి పెంపకం, చెడు సావాసం, సిగ్గులేనితనం, అప్పటి సందర్భం అన్నీ వెతికి, అది ఎలా పుట్టిందో పూర్తిగా చెప్పేస్తాం; అయినా వాణ్ణి తప్పుపడతాం. 'ఎలా జరిగింది' ఒక ప్రశ్న, 'ఎవరిది బాధ్యత' ఇంకో ప్రశ్న. ఒకటో మెట్టులోని యజ్ఞపశువు విషయంలో సాంఖ్యుల తరఫున వాచస్పతి మిశ్రుడు తోసిన తలుపూ ఇదే. 'హింసించవద్దు' అన్న మాట హింస పాపం తెస్తుందని చెబుతోంది. విధి ఆ హింస యాగానికి అంగమని చెబుతోంది. అది యాగానికీ పనికిరావచ్చు, పాపమూ తేవచ్చు. అపవాదం ఉత్సర్గాన్ని కొట్టేయాల్సిన పనేముంది? మీమాంసకుల తీర్పు కన్నా ఇది నిజాయితీగా ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఖర్చుని దాచలేదు.

ఈ తలుపు దగ్గర సోమరితనం ఎక్కువ. "ఎవరి కోణంలో వాళ్లు కరెక్టే" అనేసి లేచిపోతారు. అలా అనాలంటే రెండు ప్రశ్నల్నీ విడివిడిగా, పూర్తి వాక్యాల్లో, ప్రశ్నార్థకంతో సహా కాగితం మీద రాసి చూపించాలి. రాయలేకపోతే ఆ తలుపు మీకు తెరుచుకోలేదు.

మూడో తలుపు బాధాకరమైనది: మనం ప్రాణంగా నమ్మిన సూత్రాన్నే వెనక్కి తీసుకోవడం. ఎప్పుడు ఇది తప్పదో తెలియడానికి ఒకేలా కనబడే రెండు చిక్కుల్ని పక్కపక్కన పెట్టండి. ఊళ్లో తమ గడ్డం తాము గీసుకోనివాళ్లందరికీ, వాళ్లకు మాత్రమే గీసే క్షురకుడు ఒకడున్నాడు. తన గడ్డం తను గీసుకుంటాడా? గీసుకుంటే గీసుకోకూడదు, గీసుకోకపోతే గీసుకోవాలి. జవాబు సులువు: అలాంటి క్షురకుడు లేడు. ఉన్నాడని ఏ సూత్రమూ హామీ ఇవ్వలేదు, కాబట్టి మొదటి తలుపే. ఇప్పుడు ఇదే ఆకారంలో, తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటి సమితి. అది తనలో సభ్యురాలా? ఇక్కడ "అలాంటి సమితి లేదు" అని ఊరికే అనలేం. ఏ లక్షణం చెప్పినా ఆ లక్షణమున్నవాటన్నిటికీ ఒక సమితి ఉంటుందని జర్మన్ తర్కవేత్త ఫ్రేగ పెట్టుకున్న ఐదో మూలసూత్రం నుంచి వచ్చేస్తోంది. ఆయన అంకగణితమంతా దాని మీద కట్టాడు. 1902 జూన్ 16న బ్రిటిష్ తత్వవేత్త రసెల్ ఈ సంగతి ఉత్తరంలో రాసేటప్పటికి ఫ్రేగ గ్రంథం రెండో సంపుటం అచ్చుకు వెళ్లిపోయి ఉంది. లేదని చెప్పాలంటే సూత్రాన్నే వదులుకోవాలి.

తేడా ఒక్క ప్రశ్నలో ఉంది: ఈ ఆశ్రయం ఉందని ఏదైనా సూత్రం హామీ ఇచ్చిందా? ఇవ్వకపోతే మొదటి తలుపు, ఇస్తే మూడోది.

7. మీ అతుకుని పరీక్షించండి

పరిష్కారం దొరికిందన్న సంతోషంలో ఈ మెట్టు దాటేయడం మామూలే. ఫ్రేగ అంతటివాడికే ఇక్కడ దెబ్బ తగిలింది. 1903లో వచ్చిన సంపుటం చివర అనుబంధం చేర్చి, ఐదో సూత్రాన్ని కాస్త సవరించాడు: గొడవ పెడుతున్న ఆ ఒక్క వస్తువునీ మినహాయించాడు. ఆ సవరణ కూడా నిలవలేదని తర్వాతి తరం చూపించింది. రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయంటే చాలు, వైరుధ్యం మళ్లీ పుట్టుకొస్తుంది. 1908లో గణితవేత్త జెర్మెలో దారి మార్చాడు: లక్షణం చెప్పినంత మాత్రాన సమితి రాదు, అప్పటికే చేతిలో ఉన్న సమితిలోంచి ఆ లక్షణమున్నవాటిని ఏరుకోవచ్చు, అంతే. ఇందులో రసెల్ సమితి పేరే లేదు. దాన్ని రానివ్వని కారణం మాత్రం ఉంది.

కాబట్టి అతుకుని మూడు రకాలుగా లాగి చూడండి. మీ ముడి పేరు ఎత్తకుండా దాన్ని చెప్పగలరా? చెప్పలేకపోతే అది ఫ్రేగ అతుకులాంటిది. అది మంచి రుజువుల్ని కూడా చంపేస్తోందా? ఉదాహరణకి 'మొత్తం' అన్న మాటనే నిషేధిస్తే "ఈ తరగతిలో మొత్తం 40 మంది" అన్నదీ పోతుంది. కాంట్ అలా చేయలేదు, ఒకేసారి ఎదుట ఉన్న వస్తువుల మొత్తాన్ని ముట్టుకోలేదు. ఇక ఇదే కుటుంబానికి చెందిన ఇంకో ముడి దీంతో విడుతుందా?

ఆ చివరి పరీక్షకు ఒక జంట ఇస్తున్నాను, మీరే విప్పండి.

ఎడమ పక్క వైశేషికులు, మన దర్శనాల్లో పరమాణువాదులు: విడదీయరాని పరమాణువులున్నాయి. లేవనుకుంటే విభజనకి ఆపు లేదు. అప్పుడు ఆవగింజలోనూ అనంత భాగాలున్నాయి, మేరువులోనూ అనంత భాగాలున్నాయి. భాగాల లెక్క సమానమైతే పరిమాణమూ సమానం. ఆవగింజా మేరుపర్వతమూ ఒకటే అయిపోతాయి. కాబట్టి పరమాణువులున్నాయి.

కుడి పక్క 'వింశతిక'లో బౌద్ధ తత్వవేత్త వసుబంధుడు: విడదీయరాని పరమాణువు లేదు. ఉందనుకుంటే దాన్ని నాలుగు దిక్కుల నుంచీ, పైనుంచీ, కిందనుంచీ ఆరు పరమాణువులు ఒకేసారి తాకాలి. ఒక్కొక్కటి ఒక్కో చోట తాకితే దానికి ఆరు భాగాలున్నట్టే. అన్నీ ఒకే చోట తాకితే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ముద్ద మొత్తం అణువంతే ఉంటుంది. రెండూ కుదరవు.

మూడో మెట్టు దగ్గర ఎడమ రుజువులో "లెక్క సమానమైతే పరిమాణమూ సమానం" అన్న పంక్తి పోతుంది. బెత్తెడు గీతలోనూ బారెడు గీతలోనూ బిందువులు సరిసమానమని, అయినా పొడవులు వేరని 1870లలో గణితవేత్త కాంటర్ చూపించాడు. (కాంట్ వేరు, కాంటర్ వేరు.) దాంతో కుడి పక్షం నెగ్గిందని మాత్రం రాయకండి, ఆయన రుజువు కూడా "అనుకుందాం"తోనే మొదలైంది, చివర ప్రశ్నార్థకం అలాగే ఉంది. 'తాకడం' చుట్టూ ఒక సున్నా చుట్టండి: భాగంతో తప్ప తాకలేమని ఎవరన్నారు?

ఇక రెండు పక్కలా ఉన్న మాట. ఎడమ పక్కన "అనంత భాగాలున్నాయి", కుడి పక్కన "ఆరు భాగాలున్నట్టే". ఆ రెండు 'ఉన్న'ల దగ్గరా పెన్సిలు ఆపి, కొట్టేసి, "విడదీస్తే వస్తాయి" అని రాసి, రెండు రుజువుల్నీ మొదటి పంక్తి నుంచి మళ్లీ చదవండి.